మా తూర్పు గోడ పక్కన అయిదంతస్తులు

పక్క స్థలంలో అపార్ట్‌మెంట్‌కి పర్మిషన్ ఇచ్చేముందు ఇరుగుపొరుగును పిలిచి ఒక మాట అడగాలనే పద్ధతి హైదరాబాద్‌లో లేదు. ఈ సంగతి నాకు 2022లో తెలిసింది. మాది తార్నాక, హబ్సిగూడల వైపు డెబ్బైల్లో ఒక సొసైటీ వేసిన కాలనీ. అయిదేసి వందల గజాల ప్లాట్లు, నలభై అడుగుల రోడ్లు, ఎక్కువగా డాబా ఇళ్లు. 2017 నవంబర్‌లో నాగోల్ మెట్రో మొదలైన దగ్గర్నుంచి బిల్డర్లు మా వీధిలో తిరుగుతూనే ఉన్నారు. మాకు తూర్పున ఉన్న రెండిళ్లు కలిపి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారని చాలా రోజులు గుసగుసలుగా విన్నాం. పాత సామాను వాళ్లు వచ్చి టేకు కిటికీలు, తలుపులు ఊడదీస్తుంటే అప్పుడు రూఢి అయింది.

ఆ రెండింట్లో మమ్మల్ని ఆనుకున్నది మాస్టారి ఇల్లు. పిల్లలు ఒకరు డల్లాస్‌లో, ఒకరు సిడ్నీలో. మాస్టారి భార్య నాతో మాట దాచలేదు. "మోకాళ్లు పోయాక ఇంత ఇల్లు ఎవరు ఊడుస్తారమ్మా? రాత్రి ఏదైనా చప్పుడైతే ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటాం. లిఫ్టూ, వాచ్‌మనూ ఉన్న చోట రెండు గదులు చాలు మాకు" అన్నారు. కట్టిన ఫ్లాట్లలో సగం సగం వాటా, పైన గుడ్‌విల్ పేరుతో కొంత డబ్బు, కట్టినన్నాళ్లూ అద్దె బిల్డరే ఇస్తాడు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. కోపమంతా ఆ అయిదంతస్తుల మీదే.

కాలనీ సంఘం మీటింగు పెట్టింది. మూల ఇంటి ఆయన బోర్లు ఎండిపోతాయన్నాడు. ఎదురింటి వదినగారికి పార్కింగు బెంగ. డ్రైనేజీ లైను వేసిన నాటిదే, గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ మూత పైకి లేస్తుంది, దానికి తోడు ఇంకో ఇరవై కుటుంబాలంటే గోరుచుట్టు మీద రోకటి పోటే. మా అత్తయ్యది ఒకటే మాట, డాబా మీద ఎండ పోతుందని. ఆవిడకి ఎనభై రెండేళ్లు, వేసవి వస్తే వడియాలు పెట్టకుండా ఉండలేదు. ఇవన్నీ న్యాయమైన భయాలే. కానీ చివర్లో మాట మారింది. "అద్దెకి బ్యాచిలర్లని పెడతారు", "ఎలాంటి వాళ్లు వస్తారో, ఏం వండుకుంటారో" అని మొదలైంది. మన పిల్లలు బెంగళూరులో, పూణేలో అద్దెకున్నది బ్యాచిలర్లుగానే కదా అని నేను గట్టిగానే అన్నాను. కొందరు మొహం ముడుచుకున్నారు గానీ, ఆ అంశాలు అర్జీలోకి ఎక్కలేదు.

అయినా అర్జీలో పదకొండు అభ్యంతరాలు తేలాయి. సంతకాలన్నీ పెట్టించుకుని సర్కిల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ అధికారి దగ్గరికి ముగ్గురం వెళ్లాం. విసుక్కుంటాడేమో అనుకున్నాం. ఆయన మొత్తం చదివాడు. తర్వాత పెన్సిల్ తీసుకుని రెండింటికి టిక్ పెట్టాడు. ప్లాటు పక్కన వదలాల్సిన ఖాళీ ఒకటి, సెల్లార్, అంటే నేల కింది పార్కింగు, ఒకటి. "మిగతా తొమ్మిదీ నిజమే అయ్యుండొచ్చు మేడమ్. కానీ వాటిని కొలవడానికి నా దగ్గర టేపు లేదు" అన్నాడు. డ్రైనేజీ, నీళ్ల సంగతి జలమండలికి విడిగా రాసుకోమన్నాడు.

ఆ రోజు ఆయన చెప్పింది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. చాలా నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్ఎస్ఐ పరిమితి ఉంటుంది. మన దగ్గర 2006లో వచ్చిన జీవో 86తో ఆ పరిమితి తీసేశారు. మేం వెళ్లేనాటికి నడుస్తున్నది 2012 ఏప్రిల్ నాటి జీవో 168. అందులో ఒక పట్టిక ఉంటుంది. ప్లాటు ఎంత, ముందున్న రోడ్డు ఎంత, ఎంత ఎత్తు కడతావు, అన్నదాన్ని బట్టి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో తేలుతుంది. రెండు ప్లాట్లూ కలిస్తే వెయ్యి గజాలు, అంటే 836 చదరపు మీటర్లు. 750 నుంచి 1000 చదరపు మీటర్ల వరుసలో పడింది. ఆ వరుసలో స్టిల్ట్ (కార్ల కోసం పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలే కింది అంతస్తు) మీద 15 మీటర్ల ఎత్తు లేపుకోవచ్చు, అంటే అయిదంతస్తులు. పక్కల, వెనక 4 మీటర్లు వదలాలి. స్టిల్ట్ ఎత్తు ఆ 15లోకి రాదు. ఒక సెల్లార్ కూడా తవ్వుకోవచ్చు. రెండిళ్లు విడివిడిగా కట్టుంటే ఒక్కోటీ 418 చదరపు మీటర్లే కాబట్టి ఎత్తు 12 మీటర్లతో ఆగేది, సెల్లారూ వచ్చేది కాదు. బిల్డర్ రెండూ కలిపే కావాలని ఎందుకు పట్టుబట్టాడో అప్పుడు అర్థమైంది.

ఎత్తు మీద మా అభ్యంతరం అక్కడితో చచ్చిపోయింది. పర్మిషన్ కూడా టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో అప్పటికే వచ్చేసింది. 500 చదరపు మీటర్లు దాటిన ప్లాటు కాబట్టి సింగిల్ విండో, 21 రోజుల గడువు. ఆ గడువులో పొరుగువాళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు.

మంజూరైన ప్లాను చూడాలి. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం. ఇలాంటి ప్లాను మూడో వ్యక్తికి సంబంధించిన సమాచారం కింద చూస్తే, అవతలి వాళ్లకి నోటీసిచ్చి వాళ్ల జవాబు కోసం ఆగుతారు. మామూలుగా 30 రోజులు పట్టేది అప్పుడు 40 అవుతుంది. ఈలోగా మూల ఇంటి ఆయన కోడలు, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే అమ్మాయి, "రెరాలో చూశారా ఆంటీ?" అంది. రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు మించినా అక్కడ రిజిస్ట్రేషన్ తప్పదు. ఇక్కడ ఇరవై ఫ్లాట్లు. రెరా సైట్‌లో ప్రాజెక్టు పేరు కొడితే ప్లాను కాపీ సహా వచ్చింది. ఫ్లాటు కొనేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు అది, పక్కింటివాళ్లకీ అక్కరకొచ్చింది.

ప్లాను ప్రింటు తీయించి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. మొదటి మూడు షీట్లలో భయపడాల్సింది ఏమీ లేదు. మా వైపు 4 మీటర్ల ఖాళీ స్పష్టంగా ఉంది. నాలుగో షీటు సెల్లార్‌ది. అందులో మా ప్రహరీకీ సెల్లార్ గోడకీ మధ్య 1.5 మీటర్లే ఉంది. పైన నాలుగు, కింద ఒకటిన్నర. పొరపాటేమో అనుకున్నాం. కాదు, వెయ్యి చదరపు మీటర్ల లోపు స్థలంలో సెల్లార్‌కి హద్దు నుంచి ఒకటిన్నర మీటరు చాలని ఆ జీవోలోనే ఉంది. మా ఇల్లు ప్రహరీకి మూడడుగుల్లోనే ఉంది, ఆ రోజుల్లో అలాగే కట్టేవాళ్లు. అంటే అత్తయ్య పడుకునే గది పునాదికి ఎనిమిదడుగుల దూరంలో పద్నాలుగడుగుల గొయ్యి. ఎండ సంగతి ఆ రాత్రికి మా ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

కోర్టుకి వెళ్లి స్టే తెద్దామని సంఘంలో సగం మంది. అప్పటికే మా పేర్ల మీద బిల్డర్ నుంచి రిజిస్టర్డ్ పోస్టులో కేవియట్ నోటీసులు వచ్చి ఉన్నాయి. కేవియట్ అంటే ఏమిటో తెలియక కొందరు కేసు పెట్టేశారనుకుని హడలిపోయారు. వీధి చివర ఉండే రిటైర్డ్ లాయరు గారు నవ్వి, "మీరు కోర్టుకెళ్తే నా మాట వినకుండా స్టే ఇవ్వొద్దని ముందే చెప్పుకోవడం, అంతే. తొంభై రోజులు ఉంటుంది" అన్నారు. తర్వాత ఆయన చెప్పిన రెండు ముక్కలే మా దారి మార్చాయి.

మొదటిది వెలుతురు సంగతి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఇరవై ఏళ్లుగా కిటికీకి వచ్చే గాలీ వెలుతురుకి హక్కు ఉంది. కానీ చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని మనం నిరూపించాలి. మధ్యలో నాలుగు మీటర్లు వదిలి కడుతుంటే కోర్టులో అది నిలబడటం కష్టమన్నారు. రెండోది నేల సంగతి. అదే చట్టం ఏడో సెక్షన్ ఉదాహరణల్లో, ప్రతి భూమికీ పక్క భూమి సహజంగా ఇచ్చే ఆసరా హక్కు అని ఉంది. పక్కవాడు తవ్వి మన మట్టి జారనిస్తే కుదరదు. "అమ్మా, ఆకాశం కోసం కొట్లాడితే ఓడిపోతారు. మట్టి కోసం కొట్లాడండి. అదీ కోర్టులో కాదు, ముందు కూర్చుని మాట్లాడండి. బిల్డర్‌కి వడ్డీ నడుస్తుంటుంది, ఆలస్యం అంటేనే వాడికి భయం" అన్నారు.

సంఘంలో కొందరికి ఇది లొంగిపోవడంలా అనిపించింది. నాకు అలా అనిపించలేదు. ఇరవై కుటుంబాలు రావడం నేరం కాదు. నలుగురు మనుషులుండే రెండిళ్ల చోట, మెట్రోకి నడిచి వెళ్లేంత దగ్గర్లో అంతమంది ఉండటం ఊరికి మంచిదేనేమో కూడా. మా గోడ నిలబడాలి, అది వేరే సంగతి.

స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించాం. ఆయన మొదట చేయించిన పని మా గోడ పక్కన చిన్న గొయ్యి తీయించడం. నాలుగడుగుల లోతున రాతి పునాది అయిపోయింది. కింద మొరం, దాని కింద బండ. పిల్లర్లు లేవు, ఇల్లంతా గోడల మీదే ఆగి ఉంది. తర్వాత గదిగదికీ తిరిగి పాత పగుళ్లన్నీ ఫోటోలు తీశాడు, పక్కన స్కేలు పెట్టి, తేదీతో. మర్నాడు ఫ్రేములు కట్టే కొట్టు నుంచి సన్నటి అద్దం ముక్కలు కోయించుకొచ్చాడు. ఒక్కోటీ బెత్తెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. పగులుకి అడ్డంగా పెట్టి రెండు చివర్లూ సిమెంట్‌తో అతికించి, పైన మార్కర్‌తో తేదీ రాశాడు. గోడ వెంట్రుకవాసి జరిగినా అద్దం టక్కున విరుగుతుందట. అత్తయ్య మంచం పక్కన మూడు, వంటింట్లో రెండు, మెట్ల కింద ఒకటి. వచ్చిన చుట్టాలందరూ ఇవేంటని అడిగేవాళ్లే. దిష్టి తగలకుండా పెట్టించామని అత్తయ్య చెప్పేది.

మాస్టారే మధ్యవర్తి. ఆయన అద్దెకున్న ఫ్లాట్‌లో బిల్డర్‌తో కూర్చున్నాం. ముప్పై అయిదేళ్లు కూడా లేని కుర్రాడు, వాళ్ల నాన్న తాపీ మేస్త్రీగా మొదలై కాంట్రాక్టరయ్యాడు. కుర్రాడు "రూల్ ప్రకారమే కదా ఆంటీ తవ్వుతున్నా" అన్నాడు. రూలు తప్పని మేమూ అనలేదు. ఫోటోల ఫైలు, పునాది కొలతలు ముందు పెట్టాం. వాటిని కుర్రాడు పక్కన పెట్టేశాడు గానీ, వాళ్ల నాన్న తీసుకుని పునాది ఫోటో దగ్గర చాలాసేపు ఆగాడు. "రాతి పునాదిరా ఇది. నీళ్లు తగిల్తే జారుద్ది" అన్నాడు కొడుకుతో. అక్కణ్ణుంచి మాటలు సాఫీగా సాగాయి.

వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకున్నాం. మా వైపు సెల్లార్ గోడ మూడు మీటర్ల దూరంలో పెట్టాలి. దాంతో అతనికి రెండు కార్ల చోటు పోయింది. మా వైపు పొడవునా ఒకేసారి తవ్వకూడదు, పదిహేనడుగుల చొప్పున తవ్వి, ఆ ముక్కకి కాంక్రీటు గోడ లేపాకే పక్క ముక్క తియ్యాలి. బండకి మందుగుండు వద్దు, రంధ్రాలు కొట్టి కెమికల్ పోసి చీల్చుకోవాలి. కంప్రెసర్ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకానే. అద్దం విరిగితే ఆ రోజుకి పని బంద్, రెండు పక్షాల ఇంజినీర్లూ చూశాకే మళ్లీ మొదలు. రిపేరు ఖర్చు అతనిది. బదులుగా మంజూరైన ప్లాను ప్రకారం కడుతున్నంతవరకు సంఘం కేసు వెయ్యదు. "మంజూరైన ప్లాను ప్రకారం" అన్న మాట లాయరు గారు పట్టుబట్టి రాయించారు. అది తర్వాత పనికొచ్చింది.

వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని కార్పొరేషన్ ఏటా చెబుతుంది కాబట్టి వేసవిలోనే ముగించాలని హడావిడి పడ్డారు. ఆ ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. కంప్రెసర్ మొదలైతే వంటింట్లో గిన్నెలు గొణిగేవి. ఫోన్‌లో మాట వినపడేది కాదు. తలుపులన్నీ మూసినా నోట్లో దుమ్ము. అత్తయ్యని మధ్యాహ్నాలు మా ఆడపడుచు ఇంట్లో దింపి వచ్చేవాళ్లం.

ఒక్క ముక్క గోడ మిగిలి ఉండగా జూన్ మొదట్లో పెద్ద వాన పడింది. పొద్దున్నే అత్తయ్య కేకేసింది. మంచం పక్కన మధ్య అద్దం నిలువునా విరిగి ఉంది. పగులు ఏమైనా పెద్దదైందా అంటే కంటికి ఏమీ తెలియదు. నేను ఫోన్ చేస్తే కుర్రాడు ఎత్తలేదు గానీ, వాళ్ల నాన్న స్కూటర్ మీద వచ్చాడు. గొయ్యిలోకి దిగి చూస్తే తవ్వి వదిలేసిన ముక్కలో మొరం కొంత జారి ఉంది. మధ్యాహ్నానికి ఇసుక బస్తాలు పేర్చి, మోటారు పెట్టి నీళ్లు తోడించి, వారం లోపల అక్కడ గోడ పోయించాడు. కొత్త అద్దం పెట్టాం. అది ఇంకా విరగలేదు. గచ్చు మీద మాత్రం ఒక సన్నటి చీలిక వచ్చింది, ఆ గది మొత్తానికి టైల్స్ వాళ్లే వేయించి ఇచ్చారు. ఆ ఫోటోలూ తేదీలూ లేకపోతే అది పాత చీలికే అనేవాళ్లు కాదని నేను చెప్పలేను.

ఇక అంతస్తులు లేవడం గురించి రాయడానికి ఏమీ లేదు, ఎవరి ఇంటి పక్కనైనా ఒకటే గోల. అయిదో స్లాబు పడ్డాక మాత్రం మళ్లీ టెన్షన్. పైన లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకు కాక ఇంకో ఆరు పిల్లర్లకి ఊచలు లేచాయి. అడిగితే "స్టోర్ రూమ్ ఆంటీ" అన్నాడు. మా కాలనీల్లో స్టోర్ రూములకి రెండు బాత్రూములుంటాయి, వాటినే పెంట్‌హౌస్ అంటారు. పక్క ఖాళీల్లో పది శాతం వరకు తేడా వస్తే, అదీ ముందు వైపు కాకుండా, జరిమానా కట్టించుకుని సర్దుబాటు చేసే వీలుంది. అదనపు అంతస్తుకి ఆ వీలు లేదు. పైగా పర్మిషన్ ఇచ్చేటప్పుడే కట్టే విస్తీర్ణంలో పది శాతం కార్పొరేషన్ పేర తనఖా పెట్టించుకుంటారు. ఇక జనం దిగొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తేనే అది విడుదలవుతుంది. పర్మిట్ నంబరు, ప్లాను షీటు, ఊచల ఫోటో జతచేసి ఈసారి ఒకే ఒక అంశంతో అర్జీ ఇచ్చాం. నోటీసు వచ్చింది. ఊచలు కోసేశారు. కుర్రాడు కొన్నాళ్లు నన్ను చూస్తే తల తిప్పుకున్నాడు.

ఇప్పుడు అందరూ దిగారు. పొద్దున పది దాటితే గానీ మా డాబా మీద ఎండ పడదు. అత్తయ్య వడియాలు పడమటి పిట్టగోడ వైపు జరిగాయి, ఎండటానికి ఒక రోజు ఎక్కువ పడుతోందని సణుగుతుంది. కిటికీలు ఎదురెదురు రాకుండా అటు బాల్కనీకి వాళ్లే జాలీ పెట్టించుకున్నారు. బోరు ఎండలేదు. డ్రైనేజీ లైను మాత్రం అలాగే ఉంది, దాని మీద జలమండలికి రాయడం నడుస్తోంది. ఇప్పుడు ఆ సంతకాల్లో ఇరవై ఫ్లాట్ల వాళ్లవీ ఉన్నాయి. పార్కింగు గొడవ అంటారా, అది నిజంగానే వచ్చింది. చుట్టాల కార్లన్నీ రోడ్డు మీదే. మా మూడు మీటర్ల వల్ల పోయిన రెండు కార్ల చోటు గురించి కూడా ఎదురింటి వదినగారు దెప్పుతూ ఉంటారు. మాస్టారు, ఆయన భార్య రెండో అంతస్తులో ఉంటున్నారు. సాయంత్రం బాల్కనీలోంచి మా అత్తయ్యతో కేకలేసుకుంటూ కబుర్లు.

మొన్న ఇంకో బిల్డర్ మా ఇంటికే వచ్చాడు. మాదీ, పడమటి వాళ్లదీ కలిపి ఇస్తే అదే సగం సగం, గుడ్‌విల్ కాస్త ఎక్కువే ఇస్తానన్నాడు. మా ఆయన మోకాలు తడుముకుంటూ నా వైపు చూశాడు. సెల్లార్ గోడ చుట్టూ హద్దుకి మూడు మీటర్లు వదిలితేనే మాట్లాడదాం అన్నాను. అతను సోఫాలోనే కాల్క్యులేటర్ తీసి ఎన్ని కార్లు తగ్గుతాయో లెక్కేసుకున్నాడు. ఇంట్లో మాట్లాడి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.